పేగుకు చిల్లు అనకండి

ఇంగ్లీషులో "లీకీ గట్" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అదే తెలుగులో చెప్పాల్సి వస్తే మనలాంటివాళ్ళం ఏం చేస్తాం? నిఘంటువు తీస్తాం, లీకు అంటే చిల్లు అని చూస్తాం, "నా పేగుకు చిల్లు పడింది" అని అమ్మమ్మకు ఫోన్లో చెప్పేస్తాం. దయచేసి చెప్పకండి. తెలుగులో పేగుకు చిల్లు పడిందంటే టైఫాయిడ్ ముదిరినప్పుడు వచ్చే ప్రాణాపాయం లాంటిది. వెంటనే ఆపరేషన్ చేయాలి. మీకున్నది ఐబీఎస్ అయితే, ఆవిడకు ఉత్తపుణ్యానికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఆ మాట వెంట ఒక తప్పుడు బొమ్మ కూడా వస్తుంది. గొట్టానికి కన్నం పడింది, దానికి అతుకు వేయాలి, అంతే. అతుకు వేసే పొడి అమ్మేవాళ్ళు వెంటనే దొరుకుతారు.

ఐబీఎస్‌ను డాక్టర్లు ముఖ్యంగా లక్షణాలను బట్టి గుర్తిస్తారు. 2016 నాటి రోమ్ 4 ప్రమాణాల ప్రకారం, గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మోషన్‌తో సంబంధం ఉండడం, మోషన్ ఎన్నిసార్లు అవుతుందో మారడం, ఎలా అవుతుందో మారడం, ఈ మూడింటిలో రెండైనా కనిపించాలి. మొదలై 6 నెలలైనా అయి ఉండాలి. కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం, కొందరికి రెండూ. మన ఇళ్ళలో దీనంతటికీ ఒకటే పేరు, "గ్యాస్".

పేగు లోపలి గోడకు పైన ఉండే పొర మందం ఎంతో తెలుసా? ఒకే ఒక్క వరుస కణాలు. అవి కూడా కొన్ని రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. వాటి మీద జిగురు పొర ఉంటుంది, కింద రోగనిరోధక కణాలు ఉంటాయి. కణానికీ కణానికీ మధ్య "టైట్ జంక్షన్లు" అనే ప్రొటీన్ల కట్టు ఉంటుంది. ఆ కట్టు ఎప్పుడూ ఒకేలా బిగిసి ఉండదు. నీళ్ళు, లవణాలు లోపలికి రావాలి. సూక్ష్మజీవుల ముక్కలు రాకూడదు. అంటే గుమ్మం దగ్గర కాపలా లాంటిదన్నమాట. పుస్తకాల తెలుగులో "పారగమ్యత" అనే మాట ఉంది. మంచి మాటే, కానీ నాకు పలకడానికే వారం పట్టింది. నేను "పేగు గోడ కాపలా సడలింది" అంటాను. సడలింది మళ్ళీ బిగియవచ్చు కదా.

ఐబీఎస్‌లో ఈ కాపలా నిజంగా సడలుతుందా? కొందరిలో, అవును. నాకు తెలిసిన గట్టి ఉదాహరణ కెనడాలో, ఒంటారియోలోని వాకర్టన్ అనే చిన్న ఊరు. 2000 మే నెలలో అక్కడి తాగునీటిలో ఈ.కోలి, క్యాంపిలోబ్యాక్టర్ కలిశాయి. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. మెక్‌మాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ ఊరివాళ్ళ ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. విరేచనాలు తగ్గాక కూడా చాలామందికి ఐబీఎస్ మిగిలింది. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా కొందరికి పోలేదు.

వాళ్ళలో కొందరికి లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు రకాల చక్కెరలు తాగించి మూత్రం పరీక్షించారు. మానిటాల్ చిన్నది, సులభంగా గోడ దాటుతుంది. లాక్టులోజ్ పెద్దది, మామూలుగా అంతగా దాటలేదు. మానిటాల్‌తో పోలిస్తే అది మూత్రంలో ఎక్కువగా కనిపిస్తే కాపలా సడలినట్టు లెక్క. ఐబీఎస్ ఉన్నవాళ్ళలో మూడోవంతు మందికి పైగా అలా కనిపించింది. ఐబీఎస్ లేనివాళ్ళలో కూడా దాదాపు ఐదోవంతు మందికి కనిపించింది!

ఆ రెండో లెక్క దగ్గర కాసేపు ఆగండి. కాపలా సడలినా ఐబీఎస్ లేనివాళ్ళు ఉన్నారు. కాపలా గట్టిగానే ఉన్నా నొప్పితో మెలికలు తిరిగేవాళ్ళు ఉన్నారు. మిగతా పరిశోధనల్లో కూడా విరేచనాల రకంలో, ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చిన రకంలో ఇది ఎక్కువ కనిపించింది, మలబద్ధకం రకంలో తక్కువ. అందుకే "ఐబీఎస్ అంటేనే లీకీ గట్" అని అరిచే వీడియోలను నేను నమ్మను.

ఇక రెండో వైపు మన చుట్టాలు. "అదేం లేదురా, అంతా టెన్షనే." ఈ మాటకు కూడా నాకు ఒళ్ళు మండుతుంది. బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేత ప్రసంగం చేయించి ఈ చక్కెరల పరీక్షే పెట్టారు. అది 2014లో అచ్చయింది. ఒత్తిడికి కార్టిసాల్ హార్మోన్ బాగా పెరిగినవాళ్ళలో చిన్నపేగు గోడ సడలింది. మాస్ట్ కణాలను అదుపులో ఉంచే మందు ముందే ఇస్తే సడలలేదు. అంటే టెన్షన్ మనసులోనే ఆగిపోదు, పేగు గోడ దాకా దిగుతుంది. "టెన్షనే" లో ఆ చివరి "ఏ" తీసేస్తే నాకు పేచీ లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. "జోనులిన్" కొలిచి మీ పేగు ఎంత లీకవుతోందో చెబుతామనే పరీక్షలు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. బాగా వాడుకలో ఉన్న కిట్లు అసలు జోనులిన్‌ను వదిలేసి వేరే ప్రొటీన్లను పట్టుకుంటున్నాయని పరిశోధకులు చూపించారు. నేనైతే కొనను.

గ్లుటమైన్ పొడి కథ కొంచెం వేరు. 2019లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 106 మంది పాల్గొన్నారు. గ్లుటమైన్ ఇచ్చినవాళ్ళకు 5 గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 8 వారాలు ఇచ్చారు. వాళ్ళలో దాదాపు 80 శాతం మందికి మేలు జరిగింది. మందు లేని ఉత్తి పొడి తీసుకున్నవాళ్ళలో 6 శాతం మందికే. ఫలితం నాకు అనుమానం వచ్చేంత బాగుంది, ఎందుకంటే ఐబీఎస్‌లో ఉత్తి మందుకే మామూలుగా మూడోవంతు మంది దాకా బాగుందంటారు. పైగా అందరూ ఇన్ఫెక్షన్ తర్వాత విరేచనాల ఐబీఎస్ వచ్చి, కాపలా సడలిందని పరీక్షలో తేలినవాళ్ళే. డబ్బా మీద ఆ సంగతి రాయరు.

మనలో చాలామందిమి డాక్టరు దగ్గర పెద్దవాళ్ళకు దుబాసీలం కూడా. వాళ్ళు "గ్యాస్" అంటే మీరూ గ్యాస్ అని చెప్పి ఊరుకోకండి. నొప్పి మోషన్‌కు ముందా, తర్వాతా అని అడగండి. ("మలం" అనడానికి సిగ్గయితే "మోషన్" అనండి, అందరికీ తెలుసు.) రక్తం పడుతోందా? బరువు తగ్గారా? రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వస్తోందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదు, వేరే పరీక్షలు అడగాలి. మోకాళ్ళ నొప్పులకు ఐబూప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకుంటున్నారేమో కూడా కనుక్కోండి. అవి పేగు గోడను సడలిస్తాయి, కానీ కడుపు గురించి మాట్లాడేటప్పుడు మోకాళ్ళ మాత్ర ఎవరికీ గుర్తు రాదు.