అచ్చు పోయుట కూడ ఒక విద్యయే

చదువు అనగా పుస్తకమే యనియు, చేతిపని అనగా చదువు రానివారి వృత్తి యనియు మనలో చాలమంది తలంచుచున్నారు. ఈ తలంపు ఓరుగల్లు ప్రాంతమున పుట్టినవారికి తగదు. మన చేరువనున్న పెంబర్తిలో ఇత్తడి రేకులపై కళను చెక్కు కుటుంబము లున్నవి. ఆదిలాబాదు ఓజులు మైనముతో బొమ్మ చేసి, దానిపై మట్టి పూసి కాల్చుదురు. మైనము కరగిపోయిన చోట కరగిన ఇత్తడి వచ్చి నిండును. బీదరు పనివారు మట్టి అచ్చులలో జింకు, రాగి మిశ్రమమును పోయుదురు. తెలుగున అచ్చు అన్నను, ఉర్దూలో సాంచా అన్నను సూత్రమొక్కటే: కావలసిన రూపమును ఖాళీగా నిలిపి, ఆ ఖాళీని ద్రవముతో నింపుట.

ఈ సూత్రమును విద్యార్థి తన ఇంటి పెరటిలో, స్వల్పవ్యయముతో అభ్యసించుటకు ఒక చిన్న వస్తువు కలదు. అది గాలమునకు గ్రుచ్చు మెత్తని ప్లాస్టిక్ ఎర. దీనిని వట్టి కాలక్షేపమని కొట్టివేయువారితో నేను ఏకీభవింపజాలను.

అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి యాక్రన్ నగరవాసి నిక్ క్రీమ్ 1949లో తన ఇంటిలోనే ప్లాస్టిక్ వానపామును తయారుచేసి, పిమ్మట దానిని వ్యాపారముగా పెంచెను. ఒక పరిశ్రమకు ఇంటి మూలయే పుట్టినిల్లైనది.

మనకిది ఎందుకని అడుగవచ్చును. మన చెరువులలోని కొర్రమట్ట, తెలంగాణ రాష్ట్రపు చేప, కప్పలను ఇష్టముగా తినును. దానికై బ్రతికిన కప్పను గాలమునకు గ్రుచ్చుట పాతకాలపు అలవాటు. కప్ప వరిపొలములోని పురుగులను తిని రైతునకు మేలుచేయు ప్రాణి. 1987లో భారత ప్రభుత్వము కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించినది. ప్లాస్టిక్ కప్ప ఒక్కటి పలుమారులు పనికివచ్చినచో, అన్ని ప్రాణములు నిలిచినట్లే గదా!

ప్రారంభించువారికి ఒక వైపు మాత్రమే రూపముండు తెరచిన అచ్చు చాలును. మట్టితో వానపామునో, చిన్న చేపనో చేసి, దాని చదునైన అడుగును ఒక పెట్టె అడుగునకు అంటించవలెను. ఆ రూపము అడుగున వెడల్పుగాను, పైకి పోనుపోను సన్నముగాను ఉండవలెను. అడుగున ఇరుకై నడుమ ఉబ్బినచో గట్టిపడిన అచ్చు దానిని విడువదు. పైన పలుచగా నూనె రాయవలెను. పిమ్మట నీటిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిని కొద్దికొద్దిగా చల్లి కలుపవలెను. పొడిపై నీరు పోసినచో ఉండలు కట్టును. పెట్టెను మెల్లగా తట్టినచో గాలిబుడగలు పైకి వచ్చును.

ఇచ్చట రసాయనశాస్త్రము తానే మనయెదుటికి వచ్చును. జిప్సమును సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసినపుడు అందలి నీటిలో మూడు పాళ్ళు పోయి ఒక పాలు మిగులును. ఆ పొడికి మరల నీరు తగిలినపుడు అది వేడిని విడుచుచు రాయియగును. తరగతిలో కంఠస్థము చేసిన సమీకరణము అరచేతిని వెచ్చజేయును. అట్లు తెలిసినది మరపునకు రాదు.

అచ్చును ఎండలో కొన్ని దినములు పూర్తిగా ఆరబెట్టి, లోపల పలుచని పూతలు పూసి రంధ్రములను మూయవలెను. ఈ ఓపిక లేనివారు ఈ పనికి పూనుకొనరాదు. తడి మిగిలినచో వేడి ద్రవము తగులగనే అది ఆవిరియై, కాలుచున్న ప్లాస్టిక్కును ముఖముపైకి చిమ్మును. ఎరకు వాడు ద్రవము, మెత్తబరచు నూనెలో పి.వి.సి. పొడి కలిసిన పాలవంటి పదార్థము. సుమారు 170, 180 డిగ్రీల వద్ద అది తేటపడి పోయుటకు అనువగును. అంతకు మించి మాడినచో పసుపుబారి, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును విడుచును. కావున ఆరుబయట, ఉష్ణమాపకము, కండ్లద్దములు, చేతొడుగులు, పెద్దల తోడు లేనిదే దీనిని ముట్టరాదు. వంటపాత్రను ఇందుకు వాడినచో మరల వంటకు వాడరాదు. తొలుత కరగించిన మైనము పోసి అచ్చును పరీక్షించుట మేలు.

ప్లాస్టిక్కును చెరువులలో విడుచుట పాపము కాదా యని కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపణ న్యాయమైనదే. తెగి నీటిలో పడిన ఎర కుళ్ళదు. చేపలు, పక్షులు దానిని మింగగలవు. కాని ఇంట పోసినవానికి ఒక సౌకర్యమున్నది: చినిగిన ఎరను తెచ్చి మరల కరగించి పోయవచ్చును. నీటిలో వేసినదానిని వెలికి తేలేనివాడు వేయనే కూడదని నా నిశ్చితాభిప్రాయము.

మరి రెండు హద్దులు కలవు. చెరువులలో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘములది; వారి అనుమతి లేక గాలము వేయుట వారి కూటిలో చేయిపెట్టుట. పాకాల చెరువు అభయారణ్యములో నున్నది; అచ్చట మన సరదాకు తావులేదు. వానకాలమున కొర్రమట్ట జంట తన పిల్లల గుంపునకు కాపలా కాయును. అపుడు ఎర వేయుట సులభమే, కాని ఒక తల్లిని పట్టి వందల పిల్లలను దిక్కులేనివి చేయుట వీరత్వము కాదు.

విద్యార్థి మిత్రులారా! కాకతీయులు చెరువులు త్రవ్వించి మనకిచ్చిరి. వాటిని చెడగొట్టక వాటి చెంత నేర్చుకొనుట మన వంతు. కళాశాలలు ప్రయోగశాలలో ఒక బల్లను అచ్చుపనికి కేటాయించినచో, ఏటేట ఒకే మూసలో పోసినట్లు వెలువడు పట్టభద్రులకు బదులు, మూసను తామే చేయగలవారు మనలో కొందరైనను తయారగుదురు.