మడిలో కంపుకు తప్పు రైతుదేనా?

సాగర్ కుడి కాలువ కింద వరి మడిలో కాలు పెడితే బుడగలు లేస్తాయి, కుళ్లిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. రోజుల తరబడి నీరు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. అప్పుడు సూక్ష్మజీవులు మట్టిలోని సల్ఫేటును వాడుకుని ఈ గంధకపు వాయువును వదులుతాయి. చలి దేశాల నేలల్లో ఈ పని నెమ్మది, మన పల్నాడు వేడికి జోరు. గాలి ఆడే మిరప చేలో ఈ కంపే ఉండదు.

నేలలోని ఇనుము ఈ వాయువును చాలావరకు పట్టి ఉంచుతుంది. మడి అడుగు నల్లబడేది అందుకే. ఇనుము చాలకపోతే వేర్లు నల్లబడి కుళ్లుతాయి, పైరు పసుపెక్కుతుంది. అది చూసి మనం ఇంకో కట్ట యూరియా చల్లుతాం. వేరు కుళ్లాక ఆ యూరియా ఎవరు తింటారు?

నీరు తీసేసి మడి ఆరగట్టమని అధికారులు చెబుతారు. నిజమే, మందు అదే. కానీ చివరి ఆయకట్టు రైతు ఏ ధైర్యంతో గండి కొట్టి నీళ్లు వదిలేస్తాడు? మళ్లీ వంతు ఎప్పుడో తెలియనివాడు వచ్చిన నీటిని గట్టు నిండా ఆపుకోక ఏం చేస్తాడు? తీసేద్దామన్నా మురుగు కాలువల నిండా తూటికాడ, జమ్ము!

నాట్లకు ముందే ప్రతి మేజరుకూ వంతుల తేదీలు రాసి ప్రకటించాలి, ఆ తేదీలు తప్పకూడదు. మురుగు కాలువల పూడిక ఎండాకాలంలోనే తీయాలి, నీళ్లు వదిలాక కాదు. అప్పటిదాకా ఆరగట్టమనే కరపత్రాలు మా ఊళ్లకు తేవద్దు.