నేర్పిన విద్యకు పోస్టు ఏది?

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు సిజేరియన్ ద్వారా, అనగా తల్లి కడుపు కోసి బిడ్డను బయటికి తీసే శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. దేశ సగటు 21.5 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో అది 42 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే ఈ అంకె 81.5 శాతానికి చేరుతుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైతం 44.5 శాతం ఉంది. పది శాతం దాటిన తరువాత ఈ శస్త్రచికిత్సలు పెరిగినంత మాత్రాన జనాభా స్థాయిలో తల్లుల మరణాలు గానీ, నవజాత శిశువుల మరణాలు గానీ తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే స్పష్టం చేసింది. ఈ పరిస్థితిని ప్రైవేటు వైద్యుల ధనాశకో, ముహూర్తాల మీది మోజుకో అంటగట్టి ఊరుకోవడం పరిపాటి అయింది. ఆ రెండు కారణాలూ ఉన్నవే. కానీ రోగి నుంచి రూపాయి ఫీజు తీసుకోని ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా నూటికి 44 మందికి కోత పడుతున్నదంటే, కారణాన్ని సిబ్బంది పట్టికలో సైతం వెతకవలసి ఉంటుంది.

తొలిచూలు కాన్పు నొప్పులు మొదలైనది మొదలు పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకు మించి కూడా సాగుతుంది. ఆ సమయమంతా బిడ్డ గుండె చప్పుడును పదే పదే వినాలి; గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకున్నదో, నొప్పులు ఎంత తరచుగా వస్తున్నాయో పార్టోగ్రాఫ్ అనే పటం మీద గుర్తిస్తూ పోవాలి; గర్భిణిని మంచానికి కట్టిపడేయకుండా లేపి నడిపించాలి, నీళ్లు తాగించాలి, నడుము నిమరాలి, భయపడుతున్న ఆమెకు ధైర్యం చెప్పాలి, ప్రమాద సంకేతం కనబడిన క్షణాన వైద్యురాలిని పిలవాలి. ఒకేసారి ఆపరేషన్ థియేటర్‌నూ, అవుట్ పేషెంట్ విభాగాన్నీ చూసుకునే ప్రసూతి వైద్యురాలు ఇన్ని గంటలు ఒక్క మంచం పక్కన కూర్చోలేదు. ఆ పక్కన కూర్చునే పనినే వృత్తిగా అభ్యసించి, చిక్కులు లేని కాన్పును మొదటి నుంచి చివరి దాకా తన బాధ్యత మీద జరిపించి, చిక్కు ఎదురైనప్పుడు వైద్యురాలికి అప్పగించే శిక్షితురాలే మిడ్‌వైఫ్. ఆమె లేనిచోట ఓపికకు తావుండదు; ఓపిక లేనిచోట కత్తి ముందుకు వస్తుంది.

తెలుగులో మంత్రసాని అనే మాట ఉన్నా, ఆ మాట సూచించే వృత్తికి ఆధునిక ఆరోగ్య వ్యవస్థలో స్థిరమైన చోటు ఎన్నడూ దక్కలేదు. సంప్రదాయ మంత్రసానులకు శిక్షణ ఇప్పించడానికి 1903లో నాటి వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ పూనికతో విక్టోరియా స్మారక నిధి ఏర్పడింది. 1926లో మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో శిక్షితుల నమోదుకు దారి తీసింది. స్వాతంత్ర్యం తరువాత గ్రామాలకు పంపిన ఏఎన్‌ఎం హోదాలో చివరి అక్షరం మిడ్‌వైఫ్‌కు గుర్తు. అయితే 1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసు మేరకు ఆమె బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తగా మారింది; అనగా టీకాలు, కుటుంబ నియంత్రణ, జ్వరాల సర్వే, రికార్డులు అన్నీ ఒక్కరి భుజాల మీదికి వచ్చాయి. ఆ తరువాత శిక్షణ కాలం 24 నెలల నుంచి 18 నెలలకు తగ్గింది. అక్షరం మిగిలింది గానీ కాన్పు చేసే చేయి క్రమంగా అలవాటు తప్పింది. మూడేళ్ల జీఎన్‌ఎం గానీ, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివిన ప్రతి యువతీ నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండు విధాలా నమోదవుతున్నా, ఆ చదువులో సగటు విద్యార్థినికి లభించేది వైద్యురాలి పక్కన నిలబడి ట్రే అందించే అనుభవమే తప్ప స్వయంగా నిర్ణయం తీసుకునే అభ్యాసం కాదు.

ఈ లోటును గుర్తించి అడుగు వేసిన ఘనత తెలంగాణదే. ప్రసూతి వైద్యురాలు ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వంలోని హైదరాబాద్ ఆసుపత్రి సొంతంగా మిడ్‌వైఫరీ శిక్షణ నడుపుతూ అనుభవం గడించగా, 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థతోనూ, యూనిసెఫ్‌తోనూ కలిసి సర్కారు ఆసుపత్రుల స్టాఫ్ నర్సుల నుంచి 30 మందిని ఎంపిక చేసి, కరీంనగర్‌లో 18 నెలల శిక్షణ ప్రారంభించింది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ఇదే బాటను దేశానికంతటికీ చూపించి, ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే కొత్త కేడర్‌ను, ఆమె నాయకత్వంలో నడిచే ప్రత్యేక ప్రసవ విభాగాలను ప్రతిపాదించాయి. ఇంట్లో పిల్లలను వదిలి, ఏడాదిన్నర పాటు వేరే ఊళ్లో ఉండి, ఉద్యోగంలో చేరిన ఎన్నో ఏళ్లకు మళ్లీ పుస్తకం పట్టిన ఆ నర్సుల శ్రమకు ఏ ప్రభుత్వమైనా రుణపడి ఉండవలసిందే.

శిక్షణ ముగిసిన నాటి నుంచే అసలు పరీక్ష మొదలవుతుంది. లేబర్ రూమ్‌లో ఒక్క కుర్చీని రాత్రింబగళ్లు ఖాళీ లేకుండా ఉంచాలంటే వారానికి 168 గంటలు నిండాలి. ఒక్కొక్కరు 48 గంటల చొప్పున చేసినా మూడున్నర మంది కావాలి, సెలవులు, అనారోగ్యం, ప్రసూతి సెలవు కలుపుకుంటే ఐదుగురు పడతారు. ఈ లెక్కన 30 మంది శిక్షితులతో నిండేవి ఆరు కుర్చీలు. నెలకు వందల కాన్పులు జరిగే బోధనాసుపత్రి ఒక్కదానికే ఆ ఆరూ చాలవు. అందువల్ల ఇద్దరిని ఈ జిల్లాకు, ముగ్గురిని ఆ జిల్లాకు పంచిపెడితే పటం మీద రాష్ట్రమంతా నిండినట్టు కనిపిస్తుంది గానీ, ఏ ఊళ్లోనూ నైట్ డ్యూటీకి మిడ్‌వైఫ్ దొరకదు. ముందుగా కొన్ని ఆసుపత్రులను పూర్తిగా నింపి, అక్కడ ఫలితం నిలకడగా కనబడిన తరువాత విస్తరించడమే సరైన మార్గం.

దీనికంటే పెద్ద చిక్కు కేడర్‌ది. కేడర్ అంటే మంజూరైన పోస్టులు, వాటికి విడి సర్వీసు నిబంధనలు, వేతన స్కేలు, పదోన్నతి వరుస గల ఉద్యోగ శ్రేణి. మిడ్‌వైఫ్‌గా శిక్షణ పొందినా జీతపు రిజిస్టర్‌లో స్టాఫ్ నర్సుగానే ఉన్నవారికి నర్సుల డ్యూటీ రోస్టరే వర్తిస్తుంది. ఐసీయూలో మనిషి తక్కువైతే ఆమెను అక్కడికి వేయడానికి సూపరింటెండెంట్‌కు అడ్డు లేదు, సాధారణ బదిలీల్లో ప్రసవాలే లేని చోటికి ఆమె వెళ్లినా తప్పుపట్టే నిబంధన లేదు. చివరికి పదోన్నతి కూడా ఆమె విద్యకు శత్రువవుతుంది: స్టాఫ్ నర్సు హెడ్ నర్సు అవుతుంది, ఆపై నర్సింగ్ సూపరింటెండెంట్ అవుతుంది, ప్రతి మెట్టు మీదా కాన్పు మంచానికి దూరమై ఇండెంట్లకూ, హాజరు పట్టీకీ దగ్గరవుతుంది. పదిహేనేళ్ల అనుభవం పండిన చేతిని రిజిస్టర్ మీద పెట్టించే ఈ ఏర్పాటు ప్రజాధనానికీ, తల్లులకూ జరుగుతున్న నష్టం.

శ్రీలంక దీనికి భిన్నమైన దారిలో నడిచింది. 1926లో కలుతరలో తొలి ఆరోగ్య విభాగం ఏర్పడిన నాటి నుంచి ఆ దేశం ప్రజారోగ్య మిడ్‌వైఫ్‌కు నిర్దిష్టమైన ప్రాంతాన్ని, ప్రభుత్వోద్యోగాన్ని, పేరుతో సహా గుర్తింపును కల్పించింది. ఆమె తన పరిధిలోని కొన్ని వేల మందిలో ఏ ఇంట ఎవరు గర్భవతో తెలిసి మెలుగుతుంది. దక్షిణాసియాలో తల్లుల మరణాలను అందరికంటే ముందుగా అదుపు చేసిన దేశాల్లో శ్రీలంక ఒకటి కావడానికి ఆడపిల్లల చదువుతో పాటు ఈ స్థిరమైన ఉద్యోగ శ్రేణి కూడా కారణమని ప్రజారోగ్య చరిత్రకారులు చెబుతారు. తెలంగాణలో మాతృ మరణాల నిష్పత్తి 2018-20 నాటికి లక్ష సజీవ జననాలకు 43కు దిగింది, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది చిన్న విజయం కాదు. ప్రాణం దక్కించడం నేర్చిన వ్యవస్థ ఇక అనవసరపు కోత లేకుండా దక్కించడం నేర్వాలి.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో వచ్చిన కొత్త చట్టం తాను ఏర్పరిచే జాతీయ కమిషన్ పేరులోనే మిడ్‌వైఫరీకి నర్సింగ్‌తో సమానంగా చోటిచ్చింది. చట్టంలో చేరిన ఆ మాట రాష్ట్రాల సర్వీసు నిబంధనల్లోకి దిగడానికి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కరలేదు. బోధనాసుపత్రులు, జిల్లా ఆసుపత్రులు, మాతాశిశు కేంద్రాల్లో మిడ్‌వైఫ్ పేరుతోనే పోస్టులు మంజూరు చేసి, శిక్షణ పూర్తయిన వారిని వాటిలో నియమించి, లేబర్ రూమ్ విడిచిపోకుండానే పై స్కేలు అందుకోగల సీనియర్ మిడ్‌వైఫ్, బోధకురాలు వంటి మెట్లు కల్పించి, చిక్కులు లేని కాన్పుల్లో ఆమె నిర్ణయాధికారం ఎంతవరకో, వైద్యురాలిని ఎప్పుడు పిలవాలో రాతపూర్వకంగా నిర్దేశించే ఉత్తర్వు ఒకటి వెలువడాలి. తదుపరి సాధారణ బదిలీల కౌన్సెలింగ్ మొదలయ్యేలోగా అది రాకపోతే, ఏడాదిన్నర కష్టపడి నేర్చుకున్న వారు మళ్లీ స్టాఫ్ నర్సుల జాబితాలోనే వరుసలో నిలబడతారు.