పునాదికి ముందరి పని

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒక ఇంటికే అంత ఆలోచన కావలసివస్తే, మహానదికి అడ్డంగా కట్టే బ్యారేజీకి ఎంత కావాలి?

2023 అక్టోబరు 21న గోదావరిపై మేడిగడ్డ బ్యారేజీ ఏడవ బ్లాకులో పియర్లు కుంగాయి. కాళేశ్వరం పథకంలో భాగమైన ఆ బ్యారేజీకి ప్రారంభోత్సవం జరిగినది 2019 జూన్ 21న. పట్టుమని అయిదేళ్ళు కూడా నిండలేదు. పరిశీలించిన జాతీయ డ్యాం సేఫ్టీ అథారిటీ నిపుణులు ప్రణాళిక, డిజైను, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నింటా లోపాలున్నాయన్నారు. ఆ వరుసలో ప్రణాళిక మొదట ఉండటం గమనించదగినది.

ఇసుకలో పునాది వేయడమే దోషమని కొందరి వాదన. నేనంగీకరించను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట నిలిచినదీ ఈ గోదావరి ఇసుకలోనే. ఆ విద్యను కావేరిపై చోళులు కట్టిన కల్లణై నుండి నేర్చుకున్నామని ఆయనే చెప్పుకున్నాడు. పునాది క్రింద ఊరే నీరు ఇసుకరేణువులను మోసుకుపోతే లోపల డొల్ల ఏర్పడుతుంది, పైకట్టడం కుంగుతుంది. దానిని ఆపే కటాఫ్ ఎంత లోతు ఉండాలి, గేట్ల నుండి దూకే నీటి ఉరవడికి దిగువ ఆప్రాన్ ఎట్లా తట్టుకోవాలి, ప్రతి వరద తరువాతా దానిని ఎవరు చూడాలి అన్నవి కాంక్రీటు పోయకముందే తేలవలసిన ప్రశ్నలు.

పనుల వరుస తప్పినా ప్రమాదమే. 2019 జనవరిలో పోలవరం వద్ద ఒక్క రోజులో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. అదే ప్రాజెక్టులో, కాఫర్ డ్యాములు పూర్తికాకముందే కట్టిన డయాఫ్రం గోడ వరదలకు దెబ్బతిన్నది. 2025 జనవరిలో కొత్త గోడ మొదలుపెట్టవలసివచ్చింది. రికార్డుకు చప్పట్లు కొట్టిన మనం, ఏ పని ముందు, ఏది వెనుక అని అడిగామా?

భూగర్భ పరీక్షలకు పట్టే కాలాన్ని జాప్యమనడం మానాలి. టెండరుకు ముందే ఏ ఏ ఆపదలు రావచ్చు, వాటి తొలి సూచన ఏమిటి, బాధ్యులెవరు అన్నది వ్రాసి ప్రజల ముందుంచాలి. కాగితం మీద గీత చెరపడానికి రబ్బరు ముక్క చాలు. నది మధ్యలో గోడను మార్చాలంటే ప్రజల సొమ్ము మళ్ళీ పోయాలి.