ఆక్సిజన్ రాకపోకలతో అయస్కాంత పొరలు: ఆశలు, పరిమితులు

ప్రత్యేక వ్యాసం

అయస్కాంత గుణం గల ఆక్సైడ్ స్ఫటికాలను కొద్ది నానోమీటర్ల మందం గల పలుచని పొరలుగా రూపొందించుటకు పలు దేశాలలో సాగుతున్న కృషిలో రసాయనిక పరివర్తన పద్ధతి ప్రత్యేక స్థానాన్ని సంతరించుకుంది. కోరిన పదార్థాన్ని నేరుగా పెంచుట దుస్సాధ్యమైనప్పుడు, దానికి సమీప రూపాన్ని ముందుగా పెంచి, స్ఫటిక అమరిక చెదరకుండా అందులో ఆక్సిజన్‌ను చేర్చుట లేక తొలగించుట ఈ పద్ధతిలోని ముఖ్యాంశం.

ఈ సూత్రం సామాన్యునికి పూర్తిగా అపరిచితమైనది కాదు. పాటల క్యాసెట్ టేపులలో విరివిగా వాడిన గోధుమరంగు పూత గామా ఫెర్రిక్ ఆక్సైడ్. సూది ఆకారపు ఇనుప సమ్మేళన కణాల నుండి నీటిని తొలగించి, హైడ్రోజన్ వాయువులో మాగ్నటైట్‌గా మార్చి, తిరిగి పరిమితంగా ఆక్సీకరణం గావించి దానిని తయారు చేసేవారు. కణాల ఆకారం మారకుండా వాటి గుణం మాత్రమే మారేది.

ప్రస్తుత పరిశోధనలకు స్ట్రాన్షియం కోబాల్ట్ ఆక్సైడ్ చక్కని ఉదాహరణ. ప్రతి కోబాల్ట్ పరమాణువుకు మూడు ఆక్సిజన్ పరమాణువులు ఉన్నప్పుడు ఇది విద్యుద్వాహకమైన అయస్కాంతం. ఆ మూడు రెండున్నరకు తగ్గినచో విద్యుత్తును నిరోధించి, బయటకు అయస్కాంతత్వం కనిపించని పదార్థమగును. ఆక్సిజన్ నిండుగా గల రూపాన్ని నేరుగా పెంచుట కష్టం. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు లేజర్ సహాయంతో పెంచిన పొరలలో ఈ రెండు రూపాల మధ్య సుమారు 200 నుండి 300 డిగ్రీల సెల్సియస్ వద్దనే రాకపోకలు సాధ్యమని 2013లో వెల్లడించారు. ఆధార స్ఫటికం పొరను సాగదీసి పట్టి ఉంచుటయే ఇందుకు తోడ్పడింది.

అంతకు ముందు 2007లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కాల్షియం హైడ్రైడ్ సాయంతో స్ట్రాన్షియం ఇనుప ఆక్సైడ్ నుండి ఆక్సిజన్‌ను తొలగించి కొత్త అమరికను సాధించారు. 2017లో చైనాలోని సింఘువా విశ్వవిద్యాలయ బృందం వేడికి బదులు విద్యుత్ క్షేత్రాన్ని వినియోగించి, కోబాల్ట్ ఆక్సైడ్ పొరను మూడు వేర్వేరు స్థితులకు మార్చి చూపింది. తక్కువ విద్యుత్తుతో సమాచారాన్ని భద్రపరచే సాధనాలకు ఇది దారి చూపగలదన్న ఆశ ఇక్కడి నుండే బలపడింది.

అయితే ప్రయోగశాల ఫలితం మార్కెట్ వస్తువు కాదన్న విషయం గమనార్హం. పలుచని పొరలలో ఈ కోబాల్ట్ ఆక్సైడ్ అయస్కాంతత్వం సాధారణంగా గది ఉష్ణోగ్రతకు దిగువనే లభిస్తున్నది. అయాన్ల కదలిక ఎలక్ట్రాన్ల కదలిక కంటే ఎంతో నెమ్మది. పొర నుండి వెలువడే అయస్కాంత సంకేతం అత్యల్పం కనుక కొలతలో పొరపాటుకు అవకాశం మెండు. 2004లో హాఫ్నియం ఆక్సైడ్ పొరలలో ఊహించని అయస్కాంతత్వం కనిపించినట్లు ప్రకటన వెలువడగా, స్టీలు పట్టకారు తాకినా అటువంటి సంకేతమే రాగలదని 2005లో ఇతర పరిశోధకులు నిరూపించారు.

ఆక్సిజన్ ఎక్కడ చేరిందో, ఎక్కడ తొలగిందో నిర్ధారించుటకు శక్తివంతమైన ఎక్స్‌కిరణాలు, న్యూట్రాన్లు అవసరం. మన దేశంలో ఇందోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్, ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ ఇటువంటి పరిశీలనలకు ఉపకరించే సౌకర్యాలు. పొరలను పెంచే యంత్రంతో పాటు పరీక్షించే సౌకర్యానికి కూడా ప్రణాళికలలో సముచిత స్థానం లభించినప్పుడే వెచ్చించిన నిధులు సార్థకమగును.

కావున, ఇటువంటి ఆవిష్కరణల వార్తలు వెలువడినప్పుడు ఏ ఉష్ణోగ్రతలో ఫలితం లభించింది, ఎన్నిమార్లు మార్పు జరిపినా పొర చెక్కుచెదరకుండా నిలిచింది, మరొక ప్రయోగశాల దానిని ధ్రువీకరించిందా అన్న మూడు ప్రశ్నలను పాత్రికేయులు, అధికారులు తప్పక వేయవలసి ఉంది. వాటికి సరైన సమాధానం లభించిన పరిశోధనలకే ప్రచారంలోనైనా, కేటాయింపులలోనైనా ప్రాధాన్యం ఇచ్చుట ఉచితం.