మొలలకు మందుంది, మొహమాటానికే లేదు

ఓ.పి.లో మేము తరచుగా చూసే సంగతి ఇది. కడుపు బాగోలేదని వచ్చిన మనిషి చీటీ రాయించుకుని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కు తిరిగి గొంతు తగ్గిస్తారు. "ఇంకొకటండీ, దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడుతోంది." ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే రెండేళ్ళు, మూడేళ్ళు అంటారు. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పి ఉండరు. నన్నడిగితే, మొలల కంటే ఈ మొహమాటమే ఎక్కువ హాని చేస్తోంది.

ఇందులో సిగ్గుపడవలసింది ఏముంది? మలద్వారం లోపల రక్తనాళాలతో కూడిన మెత్తటి దిండ్ల వంటివి అందరికీ ఉంటాయి. మలబద్ధకంతో రోజూ ముక్కడం, దొడ్లో ఎక్కువసేపు కూర్చోవడం, గర్భం మొదలైన వాటివల్ల అవి ఉబ్బి కిందికి జారితే మొలలు, అంటే పైల్స్ అంటాము. లోపలి మొలలకు సాధారణంగా నొప్పి ఉండదు, ఎర్రటి రక్తం పడుతుంది. "వేడి చేసింది, కోడికూర తిన్నాను" అని చాలామంది అంటారు. తప్పు కోడికూరది కాదు. పళ్ళెంలో ఆకుకూర, కాయగూర లేకపోవడం, నీళ్ళు సరిగా తాగకపోవడం అసలు సమస్య.

మొదటి దశల్లో చాలామందికి ఇంటి జాగ్రత్తలే సరిపోతాయి. మూడు పూటలా తెల్లన్నమే కాకుండా ఒక పూట జొన్నరొట్టె గాని రాగిసంగటి గాని తినండి. తోటకూర, బీరకాయ, చిక్కుడు, జామపండు తీసుకోండి. నీళ్ళు బాగా తాగండి. వెళ్ళాలనిపించినప్పుడు ఆపుకోవద్దు. దొడ్లోకి సెల్‌ఫోన్ తీసుకువెళ్ళవద్దు. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో 10-15 నిమిషాలు కూర్చుంటే బాధ తగ్గుతుంది. గర్భిణులు ఐరన్ మాత్రలతో మలబద్ధకం వస్తే మాత్రలు మానకుండా మాకు చెప్పండి. తగ్గకపోతే రబ్బరు బ్యాండు వేసే పద్ధతి ఉంది. ముదిరినవాటికి ఆపరేషన్ ఉంది.

"ఒక్క ఇంజెక్షన్‌తో గ్యారంటీ" అనే బోర్డులను నమ్మి వెళ్ళకండి. అర్హత లేనివారు ఏదో మందు ఎక్కిస్తే చీము పట్టవచ్చు, మలద్వారం మూసుకుపోయినంత ఇరుకు కావచ్చు. సిగ్గుపడి ఆసుపత్రికి రానివారే చాటుగా అక్కడికి వెళుతున్నారు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: పడిన ప్రతి రక్తమూ మొలలది కాదు. పెద్దపేగు క్యాన్సర్‌లో కూడా రక్తం పడుతుంది. వయసు 45 దాటినా, బరువు తగ్గుతున్నా, విరేచనం తీరు మారినా, రక్తహీనత ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉన్నా పరీక్ష చేయించుకోవాలి. వేలితో చేసే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. అవసరమైతే గొట్టంతో చూస్తాము. క్యాన్సర్‌ను తొందరగా గుర్తిస్తే నయం చేసే అవకాశం ఎక్కువ.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. చెప్పందే డాక్టరు మాత్రం ఏం చేస్తారు? మీ అమ్మగారిని, నాన్నగారిని, అత్తగారిని ఈ వారం మీరే ఒకసారి అడగండి. వారంతట వారు చెప్పరు.