పటం పక్కన కథకులు కూడా ఉండాలి

మ్యూజియం నిర్వాహకులకు, ఉపాధ్యాయులకు, కథ తెలిసిన పెద్దలకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి.

చేర్యాల నకాషీ పటం గోడకు వేలాడదీయడానికి పుట్టింది కాదు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని రంగు మీద బొమ్మలు దించేవారు. కథకులు ఆ చుట్టను వాడలోకి తెచ్చి, ఒక్కో గడి విప్పి చూపుతూ రాత్రుళ్లు కథ నడిపేవారు. ఒక్కో కులానికి కథకులు వేరు: పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు. ఎవరి కథ వారి వాడలోనే సాగేది.

అదే పటం మ్యూజియం చేరాక పక్కన నాలుగు పంక్తుల చీటీ మిగులుతోంది. కథ చెప్పే గొంతు ఉండటం లేదు. ఆ గొంతును మ్యూజియంలోకి పిలిస్తే, వాడలో ఎన్నడూ కుదరనిది కుదురుతుంది. ఒకరి కథను అందరూ ఒకేచోట కూర్చుని వింటారు. మేం కోరేది ఇదే.

నిర్వాహకులారా, నెలకో సాయంత్రం పటం ఉన్న గదిలోనే కథ చెప్పించండి. కథకులకు శాలువాతో సరిపెట్టకుండా పారితోషికం ఇవ్వండి. సంజ్ఞాభాష తెలిసినవారిని పక్కన నిలపండి. చూపులేనివారి కోసం గీతలు ఉబ్బెత్తుగా తీర్చిన నకలు చేయించండి. ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లోనే ‘అనుభవ్’ గ్యాలరీలో తాకి తెలుసుకునే నమూనాలు పెట్టింది. కళను దివ్యాంగులకు అందుబాటులోకి తేవాలని 2016 నాటి హక్కుల చట్టమూ చెబుతోంది.

టీచర్లూ, పిల్లలను వరసకట్టించి అన్ని గదులూ గబగబా తిప్పకండి. ఒక్క పటం ముందు గంటసేపు కూర్చోబెట్టండి. ‘ఇక్కడ ఏం జరుగుతోంది?’ అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగండి. ఒక్క జాగ్రత్త: ‘ఇది మీ కులం కథ, నువ్వు చెప్పు’ అని ఏ బిడ్డనూ నిలబెట్టకండి. చెప్పాలనిపించినవారే చెబుతారు.

కథ తెలిసిన పెద్దలారా, మ్యూజియం చదువుకున్నవాళ్ల చోటని వెనకాడకండి. ఆ పటం గురించి మీకు తెలిసినంత చీటీ రాసినవారికి తెలియదు. మీ కథను రికార్డు చేస్తామంటే, అది ఎక్కడ ఉంచుతారో, ఎవరు వాడుకుంటారో అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం. ఆరోజున మీ జిల్లాలో ఒక్క మ్యూజియంలోనైనా ఇలాంటి కథ జరగాలి. గది, సమయం మ్యూజియం ఖరారు చేయాలి. కథకులను కుల సంఘాల పెద్దలు పిలుచుకురావాలి. అప్పటికి బడులకు సెలవులు కాబట్టి పిల్లలను తీసుకురావలసింది తల్లిదండ్రులే. ఈ వారమే దగ్గరలోని మ్యూజియానికి వెళ్లి అడగండి.